గేటు ముందు ‘పైన్’ వరుసా, గెట్టు మీద నారేపా? మొక్క కొనే ముందు చూసుకోవాల్సిన సంగతులు

పోయిన ఎండాకాలం మా మరిది దేవరకొండ అవతల, గుట్ట కింద రెండెకరాల ఎర్ర చెల్క కొన్నాడు. కడీలు పాతించాడు, బోరు వేయించాడు, గేటూ పెట్టించాడు. ఇక మిగిలింది చెట్లు. హైవే పక్కన ఒక నర్సరీలో నిలబడి నాకు ఫోన్ చేశాడు.

"వదినె, గీడ పైన్ చెట్లున్నయి. గేటు కాడికెల్లి ఇంటిదాంక రెండు దిక్కులా పెడితె ఊటీ లెక్క ఉంటదంటున్రు. ఏం జెయ్యమంటవ్?"

ఫోటోలు పంపమన్నాను. మూడు వచ్చాయి. మూడూ వేర్వేరు చెట్లు. అక్కడ మూడింటికీ పైన్ అనే చెబుతున్నారు. ఆ తర్వాత షాద్‌నగర్ దిక్కు, భువనగిరి దిక్కు జాగలు కొన్న చుట్టాలూ నన్ను ఇదే అడిగారు. అందుకే అందరికీ పనికొచ్చేలా రాస్తున్నాను. ఏ చెట్టు అందంగా ఉంటుంది, ఏది తొందరగా పెరుగుతుంది అన్నవి నర్సరీవాళ్లే చెబుతారు. దాని గింజ ఎటు పోతుంది, పోయి ఏం చేస్తుంది అన్నది మాత్రం వాళ్లు చెప్పరు, మనమూ అడగం. నేను ముందు అడిగేది అదే.

మూడు ‘పైన్’లు, మూడు కథలు

మొదటిది నిజమైన పైన్. గుర్తుపట్టడం తేలిక. ఒక సూదిని పట్టుకుని మొదలుదాకా వెళ్తే, రెండో మూడో ఐదో సూదులు ఒకే చిన్న ఒరలోంచి కట్టగా వచ్చినట్టు కనిపిస్తాయి. హిమాలయాల చీర్ పైన్‌కు మూడేసి ఉంటాయి. మనవైపు చూడాలంటే అరకు, లంబసింగి లాంటి చల్లని కొండలకు పోవాలి. అక్కడివీ నాటినవే.

రెండోది సరుగుడు. కోస్తా వాళ్లు సర్వి అంటారు. దీని ‘సూది’ నిజానికి ఆకు కాదు, సన్నని కొమ్మ. రెండు చేతుల గోళ్లతో పట్టి లాగి చూడండి, గొలుసు లంకె ఊడినట్టు కణుపు దగ్గర టక్కున ఊడుతుంది. ఊడిన చోట కళ్లు చికిలించి చూస్తే చుట్టూ వరుసగా చిన్న చిన్న పళ్లు కనబడతాయి. అవే దాని ఆకులు. ఇది పూలు పూసే జాతి, పైన్‌కు ఏ చుట్టరికమూ లేదు. అయినా ప్రపంచంలో చాలాచోట్ల దీన్ని ‘ఆస్ట్రేలియన్ పైన్’ అనే పిలుస్తారు.

మూడోది అరకేరియా. నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు అని అమ్ముతారు. కొమ్మలు గొడుగు మీద గొడుగు పెట్టినట్టు అంతస్తులుగా ఉంటాయి. ఇదీ అసలు పైన్ కాదు. నార్ఫోక్ దీవి పైన్ అని పేరు చెప్పి అమ్మేవాటిలో చాలావరకు న్యూ కాలిడోనియా దీవులకు చెందిన కుక్ పైన్ ఉంటుంది.

మా మరిది పంపిన ఫోటోల్లో ఈ మూడూ ఉన్నాయి. ధరలో తేడా ఉంది కానీ పేరులో లేదు. కాబట్టి మొదటి సలహా: పేరు నమ్మకండి, కొమ్మ పట్టుకుని చూడండి.

దీవుల్లో ఏం జరిగిందో ఎందుకు చూడాలి

సముద్రం మధ్య దీవి ఒక మూసిన గది లాంటిది. అక్కడి మొక్కలు లక్షల ఏళ్లుగా కొద్దిమంది ఇరుగుపొరుగుతోనే బతుకుతూ వచ్చాయి. కొత్త చెట్టు దిగితే దాన్ని తినే పురుగు ఉండదు, దాని గింజను కొరికే ఎలుకో పిట్టో ఉండదు. పాత మొక్కలకేమో వెనక్కి తగ్గడానికి ఇంకో చోటుండదు. అందుకే ఒక చెట్టు తిక్క ఎంతో దీవిలో తొందరగా బయటపడుతుంది.

న్యూజిలాండ్‌నే చూడండి. అక్కడ స్వతహాగా ఒక్క పైన్ కూడా లేదు. కలప కోసం, కొండ మట్టి కొట్టుకుపోకుండా ఉండటం కోసం తెచ్చి నాటారు. నాటిన హద్దులో అవి ఉండలేదు. పైన్ గింజకు సన్నని రెక్క ఉంటుంది. కొండ నెత్తిన ఉన్న చెట్టు నుంచి గాలికి లేస్తే కిలోమీటర్ల దూరం పోయి పడుతుంది. ఇట్లా తమంతట తాము మొలిచిన పైన్‌లు, వాటి చుట్టపు జాతులు కలిసి అక్కడ 18 లక్షల హెక్టార్లకు పైగా పాకాయని లెక్కగట్టారు. మన తెలంగాణ విస్తీర్ణంలో దాదాపు ఆరో వంతు అది. చేతులు కట్టుకుని కూర్చుంటే ఏటా ఐదు శాతం చొప్పున పెరుగుతుందని కూడా తేల్చారు. 2016 నుంచి వాటిని తొలగించడానికి ఒక జాతీయ కార్యక్రమమే నడుస్తోంది. అన్నిటికంటే దూకుడుగా పాకే కంటార్టా రకాన్ని ఇప్పుడు అక్కడ పెంచకూడదు, అమ్మకూడదు, ఒకరికి ఇవ్వకూడదు. అదే దేశంలో కలప తోటల్లో పదింట తొమ్మిది వంతులు రేడియాటా పైన్‌వే. కలపతో బతుకు గడుస్తోంది, కాబట్టి మొత్తానికి వద్దనుకోలేరు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది.

ఆ రేడియాటా పైన్ పుట్టిల్లు కాలిఫోర్నియా తీరం, మెక్సికోకు చెందిన రెండు చిన్న దీవులు. అందులో గ్వాడలూప్ అనే దీవిలో, మనుషులు వదిలిన మేకలు మొలిచిన ప్రతి పిల్ల మొక్కనూ మేసేసి, ఆ పైన్‌ను రెండు మూడు వందల ముసలి చెట్ల దాకా తెచ్చాయి. మేకలను తీసేశాకే మళ్లీ మొలకలు నిలిచాయి. ఒకచోట పాకుతున్న చెట్టే ఇంకోచోట కొన ఊపిరితో ఉంది. చెట్టుకు మంచీ చెడూ పుట్టుకతో రావు, చుట్టూ ఎవరున్నారన్నదాన్ని బట్టి వస్తాయి.

హవాయిలోని మావి దీవిలో హలేఅకలా అనే పెద్ద అగ్నిపర్వతం ఉంది. జీవితంలో ఒక్కసారే పూచి, పూచాక చచ్చిపోయే వెండి రంగు మొక్కలు దాని మీద ఉంటాయి. ప్రపంచంలో ఇంకెక్కడా దొరకవు. పక్క అడవుల్లో నాటిన పైన్‌ల గింజలు అక్కడికీ ఎగిరి వచ్చాయి. ఆ జాతీయ వనం వాళ్లు పైన్ పిల్లలను పీకుతూనే ఉండాల్సి వస్తోంది. దీనికి తోడు నిప్పు. పైన్ సూదులు జిగురుతో ఉండి భగ్గున మండుతాయి. మంట ఆరాక, బూడిద మీద ముందు లేచేది మళ్లీ పైన్ పిల్లే.

అయితే నాటిన ప్రతిచోటా పైన్ ఇట్లా పాకలేదు. ప్యూర్టోరికో దీవిలో ఎన్నిసార్లు నాటినా పసుపు పచ్చబడి చచ్చేవి. వాటి వేర్లకు తోడుండే బూజు ఆ మట్టిలో లేదు. 1950లలో బయట పైన్ అడవి నుంచి మట్టి తెచ్చి కలిపాక పట్టుకున్నాయి. నాకు ఇందులో ముఖ్యంగా కనబడేది ఏమిటంటే, కుండీతో పాటు వచ్చే మట్టి కూడా ఒక సరుకే. దానికి అటువైపు ఉదాహరణ టర్క్స్ అండ్ కైకోస్ దీవులది. అక్కడ ఒక సొంత పైన్ ఉంది, అది వాళ్ల జాతీయ చెట్టు. 2005లో దాని మీద ఒక పొలుసు పురుగు కనబడింది. బయటి నుంచి దిగుమతి చేసుకున్న క్రిస్మస్ చెట్ల మీద వచ్చి ఉంటుందని అంచనా. పదింట తొమ్మిది వంతులకు పైగా చెట్లు పోయాయి. పండుగకు తెచ్చిన కొమ్మ మీద వచ్చిన పురుగు చేసిన పని అది.

ఇక సరుగుడు. బహామాస్ దీవుల్లో, ఫ్లోరిడా తీరంలో అది ఇసుక ఒడ్డును పట్టేసింది. కింద రాలిన పుల్లలు చాపలా పరుచుకుంటే ఇంకేమీ మొలవదు. వేర్లు లోతుకు పోకుండా అడ్డంగా అల్లుకుంటాయి. గుడ్లు పెట్టడానికి వచ్చిన సముద్రపు తాబేలు ఆ వేర్ల మధ్య గుంత తవ్వలేదు. తుఫాను వస్తే చెట్లు వరసగా పక్కకు ఒరిగిపోతాయి.

మన గుట్ట కూడా దీవే

దీవుల ముచ్చట మనకెందుకని మా మరిదీ అడిగాడు. వాళ్ల చెల్క మీద నిలబడి చుట్టూ చూడమన్నాను. కనుచూపు మేర పత్తి, అక్కడక్కడా బోరు కింద వరి, మధ్యలో ఆ ఒక్క రాతి గుట్ట. గుట్ట మీద బోద గడ్డి, రేల, మోదుగ, వాక్కాయ పొద, సీతాఫలం. నెమళ్లు దిగేది అక్కడే, మేకలు ఎక్కేది అక్కడే. వాన నీళ్లు కుంటలోకి దిగేదీ ఆ గుట్ట మీది నుంచే. చుట్టూ సాగు భూమి సముద్రంలా ఉంటే, గుట్ట దీవి కాక మరేమిటి? నాగార్జునసాగర్ నిండాక మునగకుండా మిగిలిన నాగార్జునకొండ అయితే నిజంగానే దీవి.

ఇట్లాంటి నేల మీది దీవుల మీద పైన్ ఏం చేస్తుందో తెలుసుకోవడానికి న్యూజిలాండ్ దాకా పోనక్కర్లేదు. కొడైకెనాల్ ఉన్న పళని కొండల మీద ఒకప్పుడు పచ్చిక మైదానాలు, మధ్యమధ్య షోలా అనే చిట్టడవి ఉండేవి. నాలుగు దశాబ్దాల్లో ఆ పచ్చికలో మూడింట రెండు వంతులు పోయింది. తుమ్మ జాతి చెట్లు, యూకలిప్టస్, పైన్ తోటలు, సాగు కలిసి దాన్ని మింగాయి. మనం సెలవులకు పోయి ఫోటోలు దిగే పైన్ అడవి ఒకప్పటి గడ్డి నేల.

మన దగ్గర దీనికి సరిజోడు సర్కారు తుమ్మ. 1877లో జమైకా దీవి గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు కోసం, బీడు పచ్చబడాలని, మంచి ఉద్దేశంతోనే. గొర్లు, మేకలు తియ్యని కాయ తిని గింజను పెంటికల్లో ఊరూరా చల్లాయి. ఇప్పుడు నల్గొండ, పాలమూరు చెరువు శిఖాల్లో, వాగు ఒడ్డుల్లో, పడావు పడ్డ భూముల్లో చూడండి. జేసీబీతో తీసినా రెండు వానలకు మళ్లీ లేస్తుంది. అట్లాంటిక్ సముద్రం మధ్యలోని ఆసెన్షన్ దీవిలోనూ ఇదే ముల్లు పాకి అక్కడివాళ్ల ప్రాణం తీస్తోంది.

అట్లాగని పరాయి చెట్టల్లా చెడ్డదని నేను అనను. సీతాఫలం కూడా అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చిందే. ఇప్పుడు గుట్టల మీద తనంతట తాను మొలుస్తోంది. దసరా ముందు ఆ పండ్ల గంపలు ఎన్ని ఇళ్లకు పైసలు తెస్తాయో పాలమూరోళ్లకు తెలుసు. బాలానగర్ అనే రకం పేరే మన ఊరి పేరు. అటు, మనం దేవతగా మొక్కే వేప ఆస్ట్రేలియా ఉత్తర భాగంలో పాకి, అక్కడ కలుపు చెట్ల జాబితాకెక్కింది. కాబట్టి చూడాల్సింది ఊరూ పేరూ కాదు. ఈ గింజ ఈ నేల మీద, ఈ ఎండలో, ఈ మేకల మధ్య ఏం చేస్తుందన్నది చూడాలి.

మరి మనకు ఏది?

మన లెక్కలు వేరు. ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన, అదీ నాలుగు నెలల్లోనే. మే నెలలో 43, 44 డిగ్రీలు. ఎర్ర చెల్క, కింద పరుపు బండ. ఈ కొలతలో పెట్టి చూద్దాం.

నిజమైన పైన్ వద్దు. ఇక్కడ పాకుతుందన్న భయంతో కాదు, అసలు బతకదనే. రోజూ బోరు నీళ్లు పోసి రెండు ఎండాకాలాలు నిలబెట్టినా మూడోదానికి ఎర్రబడుతుంది. అరకు వైపో, ఇంకేదైనా చల్లని కొండ మీదో జాగ ఉన్నవాళ్లకు మాత్రం నా మాట వేరు. బతికేచోటే పైన్‌తో ప్రమాదం. పక్కన గడ్డి కొండ ఉంటే అస్సలు పెట్టకండి.

సరుగుడు విషయంలో నేను కొంచెం మెత్తబడతాను. కోస్తా జిల్లాల్లో ఎందరో రైతులకు అది పంట. గుంజలకు, కాగితం మిల్లులకు పోతుంది. గాలిలోని నత్రజనిని వేరు బొడిపెల్లో నిలపగలదు కూడా. మా చెల్కల్లో పెద్ద సరుగుడు కింద పిల్ల మొక్కను నేను ఇంతవరకు చూడలేదు. దాని గింజకు తడి ఇసుక, ఎండ పడే ఖాళీ నేల కావాలి. దాని కాయ ఒకటి తెచ్చి కిటికీలో కాగితం మీద పెట్టాను. మూడో రోజుకు పొట్లు విచ్చుకుని, ఈగ రెక్కంత గింజలు పదుల కొద్దీ రాలాయి. ఫ్యాన్ వేస్తే గది అవతలి గోడ దాకా పోయాయి. అందుకని మూసీ, డిండి, కృష్ణ ఒడ్డున ఇసుక మేట ఉన్న భూమి అయితే నేను వద్దనే అంటాను. నీటి వసతి ఉండి, కొనే మిల్లు దగ్గరుండి, నాలుగైదేళ్లకు నరికి అమ్ముకోవాలనుకుంటే పంటగా పెట్టుకోవచ్చు. అందానికి, నీడకు మాత్రం పనికిరాదు. కింద గడ్డి పోచ కూడా మొలవదు.

అరకేరియా నుంచి పాకే భయం లేదు. గింజ పట్టడానికే దశాబ్దాలు పడుతుంది, మన ఎండకు అది కుండీలోనే కొసలు మాడ్చుకుంటుంది. హవాయిలోని లానై దీవిలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కుక్ పైన్‌లు నాటింది పొగమంచు తేమను పట్టి చుక్కలుగా కిందికి దించడానికి. అట్లాంటి గాలి మనకెక్కడిది? ఇంకో విచిత్రం ఉంది. కుక్ పైన్ ఎక్కడ నాటినా భూమధ్యరేఖ వైపు ఒరుగుతుంది. 2017లో ఐదు ఖండాల్లో 256 చెట్లు కొలిస్తే సగటున ఎనిమిదిన్నర డిగ్రీల వంపు తేలింది. అంటే మన దగ్గరైతే దక్షిణానికి. ఇంటికి ఉత్తరాన పెడితే పెద్దయ్యాక ఇంటి మీదికి వాలుతుంది. ముచ్చటపడితే ఒకటి కుండీలో వరండాలో పెట్టుకోండి, అంతే.

నర్సరీలో పైన్ వద్దంటే వెంటనే చూపించేవి ఇంకో రెండున్నాయి. ఒకటి సుబాబుల్. ప్రపంచంలో వంద ప్రమాదకర ఆక్రమణ జాతుల జాబితా ఒకటుంది. అందులో ఇదీ ఉంది, పినాస్టర్ అనే పైన్ కూడా ఉంది. హవాయి నుంచి తైవాన్ దాకా దీవులను ముంచిన చెట్టు ఇది. మన కాల్వ గట్ల మీద ఇప్పటికే చిక్కగా ఉంది. మేకలకు మేత అంటారు, నిజమే, కానీ కాయ ముదరకముందే కొట్టి మేపేవాళ్లు ఎందరు? గుట్ట పక్కన దీన్ని పెట్టడం తప్పు, మొహమాటం లేకుండా చెబుతున్నాను. రెండోది కోనోకార్పస్. మన దగ్గర ఎక్కువగా కొమ్మ నాటే పెంచుతారు కాబట్టి గింజ సమస్య తక్కువ. కానీ వేర్లు పైపుల్లోకి, సంపుల్లోకి దూరతాయి. పుప్పొడితో ఇబ్బందని 2023లో గుజరాత్ దాన్ని నాటడమే ఆపేసింది.

అయితే ఏది పెట్టాలి? గేటు నుంచి ఇంటిదాకా నిటారు వరుసే కావాలంటే అశోక ఉంది. సన్నగా, పచ్చగా లేస్తుంది, పండ్లకు కోకిలలు వస్తాయి. గాలి అడ్డుకు గెట్టు మీద కానుగ, మధ్యమధ్య కర్ర వెదురు. కానుగ ఆకు దుక్కిలో వేస్తే ఎరువు, మేకలు పెద్దగా ముట్టవు. వాగు దగ్గర తడి ఉంటే తెల్లమద్ది. ముళ్ల కంచె కావాలంటే వాక్కాయ. కాయ పచ్చడికీ వస్తుంది. వేప తప్పకుండా పెట్టండి, కానీ అన్నీ వేపలే పెట్టకండి. 2021లో ఊళ్లకు ఊళ్లు వేపలు కొసల నుంచి ఎండుకుంటూ వచ్చినప్పుడు ఒకే రకం చెట్టున్న వాకిళ్లు ఎట్లా బోసిపోయాయో మీరూ చూసే ఉంటారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది నారేపి. పరుపు బండ చీలికలోకి వేరు దింపుకుని బతుకుతుంది. జంటగా, ఆవు గిట్టలా ఉండే చిన్న ఆకులు. లేతప్పుడు ఎర్రగా ఉంటాయి. కలప ఇనుములా గట్టిది. దీని గింజకూ రెక్క ఉంటుంది, గాలికీ ఎగురుతుంది. అయినా భయం లేదు, ఎందుకంటే ఇది ఈ గుట్టల బిడ్డ. దాన్ని మేసే మేకా, కొరికే పురుగూ ఇక్కడే ఉన్నాయి. ఒక్కటే కష్టం. మొదట్లో పైకి పెరగదు, రెండు మూడేళ్లు వేరే పెంచుకుంటుంది. ఓపిక లేనివాళ్లు చచ్చిందనుకుని పీకేస్తారు. నర్సరీ సంచిలో ఎక్కువ రోజులుంచితే వేరు చుట్టుకుపోతుంది, కాబట్టి చిన్న మొక్కే తీసుకోండి. దొరక్కపోతే ఏప్రిల్, మే నెలల్లో కాయలు ఏరి, తొలకరికి నేరుగా గుంతలోనే రెండేసి గింజలు వేయండి.

కొనేటప్పుడు నర్సరీలో నేను చేసే పని ఒకటుంది. అమ్మే మొక్కను కాకుండా అక్కడున్న తల్లి చెట్టు కింది నేలను చూస్తాను. పక్క కాల్వలో, ఫెన్సింగ్ అవతల అదే జాతి పిల్లలు గుంపుగా లేచి ఉంటే ఆ మొక్క కొనను. తల్లి చెట్టు లేకపోతే ఊర్లో ఎక్కడైనా పదేళ్ల చెట్టు ఉందేమో అడిగి, పోయి చూస్తాను. పాకని చెట్టు చుట్టూ నేల శుభ్రంగా ఉంటుంది, లేదా ఒకటీ రెండూ మొలకలుంటాయి. కుండీ మట్టి మీద, ఆకు వెనక తెల్లటి పొలుసు, పిండి లాంటిది ఉందేమో కూడా చూస్తాను. కైకోస్ పైన్‌ల సంగతి చదివినప్పటి నుంచి ఈ అలవాటు.

మా మరిది గేటు దగ్గర పది అశోకలు పెట్టాడు, గెట్టు చుట్టూ కానుగ. గుట్ట వైపు కడీల వెంట నారేపి గింజలు వేశాం. నలభై గుంతల్లో ఇరవై ఆరు మొలిచాయి. ఇప్పటికి జానెడు కూడా లేవు. "వదినె, గివి ఎప్పుడు పెరుగుతయే?" అని ప్రతి ఆదివారం ఫోన్ చేసి అడుగుతాడు. మొన్న ఒక చచ్చిన మొలక పక్కన గడ్డపారతో తవ్వి, వేరు మూరెడు కిందికి పోయి ఉండటం చూశాడట. వెంటనే ఫోటో తీసి పంపాడు.